వోలండ్ బృందపు గారడీ

సైతాను, మాట్లాడే పిల్లి, నోట్ల వాన! అభ్యుదయ సాహిత్యానికి వీటితో ఏమి పని అని బుల్గాకోవ్ నవల ‘మాస్టర్–మార్గరీటా’ను గురించి మిత్రులు అడుగుతుంటారు. పలాయనవాదమని కొట్టివేయుట సులభం. నేను ఒప్పుకొనను.

వోలండ్ మాస్కో వెరైటీ థియేటరుకు వచ్చినది గారడీ చూపడానికి కాదు, ప్రేక్షకులను చూడడానికి. తాను కుర్చీలో కూర్చుంటాడు. పనంతా కొరోవ్యేవ్‌ది, పిల్లి బెహిమోత్‌ది. పైనుంచి పది రూబుళ్ల నోట్లు రాలగానే జనం ఎగబడతారు. కాని పిల్లి వ్యాఖ్యాత తల ఊడబెరికినప్పుడు, హింసించవద్దని మొదట కేకవేసినదీ ఆ జనంలోని స్త్రీయే. మనుషులు పూర్వపు మనుషులే, ఇళ్ల సమస్య మాత్రం వారిని చెడగొట్టిందని వోలండ్ తేలుస్తాడు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం ఇరుక్కొని బతికిన మాస్కో అది. సైతాను నోట వెలువడిన ఈ భౌతిక కారణం, మనలో కొందరి నీతి ఉపన్యాసాలకన్న ఎంతో శాస్త్రీయం!

1940లో రచయిత మరణించాడు. నవల 1966–67లో ‘మాస్క్వా’ పత్రికలో కత్తిరింపులతో వచ్చింది. కత్తెర పట్టినది సోషలిజం పేరు చెప్పుకొన్నవారే. ఈ మాట మన పత్రికలోనే రాయాలి.

లోపం లేదనను. కొరడా థియేటరు అధికారులు, గుమాస్తాలు, రచయితల వద్దనే ఆగింది. కర్మాగారపు మనిషి జాడ దాదాపు లేదు. చివర వేషాలు రాలిపోయి, కొరోవ్యేవ్ నవ్వెరుగని అశ్వికుడవుతాడు, బెహిమోత్ సన్నని యువకుడవుతాడు. అక్కడ వ్యంగ్యం వెనుకంజ వేసి కాల్పనికతకు చోటిచ్చింది. ట్రాము ఎక్కి టిక్కెట్టుకు డబ్బు చాచిన ఆ పిల్లే నాకు ఆప్తుడు.