కుర్చీ మార్చే నేర్పు

నారాయణగూడ ఇంటర్ కాలేజీకో, అశోక్‌నగర్ కోచింగ్‌కో వెళ్లాల్సిన పిల్లవాడు చిక్కడపల్లి ఫ్లాట్‌లో తలుపేసుకుంటే, పెద్దవాళ్లు "వీణ్ణి బాగుచేయండి" అంటూ తీసుకొస్తారు. మంచి ఫ్యామిలీ కౌన్సెలర్ వాడొక్కణ్ణే కాదు, ఇంటిల్లిపాదినీ కూర్చోబెడుతుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో గమనిస్తుంది. చెల్లెల్ని అడుగుతుంది: "అన్నయ్య తలుపేసుకుంటే ముందు కంగారుపడేదెవరమ్మా? అప్పుడు నాన్నగారేం చేస్తారు?" నాన్న అరుస్తారు, అమ్మ అడ్డుపడుతుంది, వాడు గడియ బిగిస్తాడు, నాన్న ఇంకా అరుస్తారు. అదంతా ఆ చిన్నపిల్ల నోటే బయటికొస్తుంది! ఫ్యామిలీ థెరపిస్ట్ సాల్వడార్ మినూచిన్ నేర్పిన పద్ధతిలో, అమ్మానాన్నల మధ్య కూర్చున్న అబ్బాయిని పక్క కుర్చీలోకి పంపి, "ఇప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోండి" అంటుంది. వాళ్ల తగువు మోసే పని వాడికి తప్పుతుంది. ఎంత ఓర్పుంటే అబ్బే నేర్పది! వెళ్లేముందు ఒక్కటే పని చెబుతుంది: వారంపాటు రాత్రి భోజనాల దగ్గర మార్కుల ఊసెత్తకూడదు.