పది చేతుల పని: పెంబర్తి నగిషీ

హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో పోతుంటే జనగామ కంటే ముందే పెంబర్తి తగులుతుంది. రైల్లో పోయినా అంతే, ఆలేరు దాటాక పెంబర్తి, ఆ తర్వాత జనగామ. కాకతీయుల కాలంలో దేవుడి విగ్రహాలకు, రథాలకు రేకు తొడుగులు చేసిన విశ్వకర్మల వారసులు ఇక్కడ స్థిరపడ్డారని చెప్పుకుంటారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక గుళ్ల పని తగ్గింది. నిజాముల కాలంలో అవే చేతులు అత్తరుదాన్లు, పాన్‌దాన్లు, పూలకూజాలు, వేలాడే దీపాలు చేసి నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు మళ్లీ గుళ్ల పనే ఎక్కువ. తలుపులు, మకరతోరణాలు, ప్రభావళులు, కవచాలు, వాహనాలు, ధ్వజస్తంభం తొడుగులు చేస్తున్నారు. వాటితో పాటు సన్మానాలకు జ్ఞాపికలు, ఇళ్ల గోడలకు తగిలించే పలకలు.

పెంబర్తి పేరెత్తితే అందరూ పనితనాన్ని పొగుడుతారు. పొగడాల్సిందే. అయితే ఆ పనితనం ఒక మనిషి వేళ్లలో ఉందనుకుంటే సగమే తెలిసినట్టు. చిన్న జ్ఞాపికను ఒక్కడే కూర్చొని పూర్తి చేయగలడు. గుడి తలుపు ఒక్కడి వల్ల కాదు. దానికి సుత్తి, ఉలి ఎంత అవసరమో, పక్కవాడితో పొత్తు కూడా అంతే అవసరం.

కరిగించేది కాదు, లేపేది

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. దాంతో వస్తువు చేయడానికి పెద్ద దారులు రెండు. కరిగించి అచ్చులో పోయడం ఒకటి. తమిళనాడులోని స్వామిమలైలో మైనం బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసి విగ్రహాలు తీస్తారు. రెండోది రేకును సుత్తితో కొట్టి రూపం తేవడం. పెంబర్తి ఈ రెండో దారిది. పోత విగ్రహం బరువు రేకు పనికి ఉండదు. అందుకే అయిదారు అడుగుల తలుపుకైనా, ఊరేగింపులో భుజాల మీద మోసే వాహనానికైనా రేకు పని సరిగ్గా సరిపోతుంది. చెక్క బరువు మోస్తుంది, రేకు అందం చూసుకుంటుంది.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. 1886లో న్యూయార్క్‌లో ఆవిష్కరించిన స్వేచ్ఛా ప్రతిమ కూడా రేకు పనే. పారిస్ వర్క్‌షాపులో రాగి రేకులను చెక్క అచ్చుల మీద సుత్తులతో కొట్టి, ముక్కలు ముక్కలుగా చేసి, ఇనుప చట్రానికి బిగించారు. ఆ రేకు మందం రెండున్నర మిల్లీమీటర్లకు లోపే. శిల్పి బార్తోల్డి, చట్రం చేసిన ఐఫెల్ పేర్లు ప్రపంచానికి తెలుసు. రేకు కొట్టినవాళ్ల పేర్లు చెప్పమంటే చెప్పగలిగేవాళ్లు తక్కువ. పెంబర్తి కథలోనూ ఈ ముడి ఉంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

లక్క మీద రేకు

పని మొదలయ్యేది కాగితం మీద. ముందు బొమ్మ గీస్తారు. గరుడుడైతే రెక్కకు ఎన్ని వరుసల ఈకలు, ఒక్కో ఈక ఎంత పొడవు అన్నది అక్కడే తేలాలి. పనికి తగ్గ మందం రేకు ఎంచుకుంటారు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. బాగా లోతు తీయాల్సిన బొమ్మకు మరీ పలచటి రేకు పనికిరాదు, చినుగుతుంది. మందం మరీ ఎక్కువైతే సన్న గీత పడదు.

కత్తిరించిన రేకును కొలిమిలో కాలుస్తారు. దెబ్బ తగిలేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. అలాగే కొడుతూ పోతే పగులుతుంది. మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారనిస్తే మళ్లీ మెత్తబడుతుంది. పెద్ద పనిలో ఈ కాల్చడం, కొట్టడం చాలాసార్లు జరుగుతుంది. ఎప్పుడు కాల్చాలో చెప్పేది సుత్తి చప్పుడే. మెత్తటి రేకు మీద దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది, గట్టిపడితే ఖంగుమంటుంది. అనుభవం ఉన్నవాడు ఆ తేడా వినగానే సుత్తి పక్కన పెడతాడు.

తర్వాత లక్క. గుగ్గిలం, ఇటుక పొడి, కొంచెం నూనె లాంటివి కలిపి చేసే ఈ ముద్దకు ఒక్కో పనివాడిది ఒక్కో పాళం. చలికాలం పాళం ఎండాకాలానికి పనికిరాదు, ఎండకు లక్క జారిపోతుంది. లక్కను వేడి చేసి పరిచి, దాని మీద రేకు అదుముతారు. చల్లారాక లక్క రేకును గట్టిగా పట్టుకుంటుంది. దెబ్బ పడిన చోట మాత్రం లొంగుతుంది, చుట్టుపక్కల రేకును కదలనివ్వదు. ఈ ఒక్క గుణం లేకపోతే నగిషీయే లేదు.

ముందు గీతల వెంట ఉలితో సన్నగా గుర్తులు పెడతారు. తర్వాత రేకు తిప్పి, వెనక నుంచి మొద్దు ఉలులతో కొడతారు. పొట్ట, చెంప, తామర రేకు ఉబ్బుతాయి. కావలసినంత లేచాక వేడి చేసి రేకు విడదీస్తారు, ఆ గుంటలను లక్కతో నింపి ముందువైపు పైకి వచ్చేలా మళ్లీ బిగిస్తారు. ఇప్పుడు సన్న ఉలులు బయటికి వస్తాయి. కనురెప్ప, హారంలో గింజలు, ఈకలో చారలు అన్నీ ముందు నుంచే. వెనక దెబ్బ బొమ్మను లేపుతుంది, ముందు దెబ్బ దానికి ముఖం ఇస్తుంది. చివరికి లక్క వదిలించి, చింతపండుతో గానీ పలచటి యాసిడ్‌తో గానీ కడిగి, మెషిన్ మీద పాలిష్ పెడతారు.

కొనేవాళ్లకు ఒక చిట్కా. వస్తువు వెనక తిప్పి చూడండి. చేతి పనిలో సుత్తి గుంటలు ఒకదానికొకటి పొంతన లేకుండా కనిపిస్తాయి. అచ్చుతో నొక్కిన రేకు వెనక నున్నగా ఉంటుంది, పది తీసుకుంటే పదీ ఒకేలా ఉంటాయి.

పదిమందీ ఒక్కడిలా కొట్టాలి

దశావతారాల తలుపు ఒప్పుకున్నారనుకోండి. పది పలకలు, చుట్టూ లతల అంచు, నడుమ గంటలు, కింద ఏనుగులు. వడ్ల పనివాళ్లు టేకు చట్రం చేసి ఇస్తారు. గీత తెలిసిన పెద్దవాడు పది బొమ్మలూ గీస్తాడు. పలకలను తలా ఒకటి పంచుకుంటారు. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. మత్స్యావతారం అర అంగుళం లేచి, పక్కన కూర్మం పావంగుళమే లేస్తే తలుపు తలుపులా ఉండదు. నరసింహుడి కన్ను పెద్దదై, వామనుడి కన్ను చిన్నదైతే మామూలు భక్తుడు కూడా పట్టేస్తాడు. ఒక్కొక్కరి చేతి బరువు ఒక్కోలా ఉంటుంది. ఆ తేడాను చెరిపేసుకోవడమే ఉమ్మడి పనిలో అసలు విద్య.

అందుకే పక్కపక్కనే కూర్చొని పని చేస్తారు. "అన్నా, నాది జర ఎక్కువ లేచిందా చూడు" అని ఒకరంటే, "ముక్కు దగ్గర ఆపు తమ్మీ, ఇంక కొడితే పగుల్తది" అని ఇంకొకరంటారు. తప్పు చూపించినా కోపం రానంత చనువు ఉంటేనే ఈ పని నడుస్తుంది. కోపతాపాలు లోపల పెట్టుకున్న జట్టు చేసిన తలుపులో పలక పలకకూ మధ్య ఎడం కనిపిస్తుంది. లతలు, గింజల వరుసలు కొత్తగా నేర్చుకునే పిల్లల చేతికిస్తారు. ముఖాలు పెద్దవాళ్లకు వదిలేస్తారు. పిల్లవాడు ఒకే అంచును వందసార్లు కొట్టి చేతి బరువు నేర్చుకుంటాడు. అలా తలుపు పూర్తవుతుంది, వాడి చదువూ ముందుకు సాగుతుంది.

ధ్వజస్తంభమైతే లెక్క మరీ గట్టిది. మాను కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. ఒక్కో తొడుగు చుట్టుకొలత వేరు. కింది తొడుగు అంచు మీద పై తొడుగు సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగి మాను పాడవుతుంది. తొడుగులు వర్క్‌షాపులో చేసినా బిగించేది గుడి దగ్గరే. జట్టు మొత్తం సామానుతో ఆ ఊరికి పోయి, పని అయ్యేదాకా అక్కడే వండుకొని తిని పడుకుంటుంది. ప్రతిష్ఠ ముహూర్తం ముందే పెట్టేసి ఉంటుంది. దాన్ని జరపడం ఎవరి చేతిలోనూ లేదు. అప్పుడు తన పని పక్కన పెట్టి ఇంకో జట్టువాడు వచ్చి చెయ్యి వేస్తాడు. రేపు అతనికి అక్కర పడితే వీళ్లు పోతారు. వ్యవసాయంలో బదులు పనికి పోయినట్టే ఇక్కడా ఆ లెక్క ఎవరూ కాగితం మీద రాయరు, ఎవరూ మరిచిపోరు.

డబ్బు సంగతిలోనూ పొత్తే ఆదుకుంటుంది. ఇత్తడి రేకు, రాగి రేకు తూకం లెక్కన ముందే కొనాలి. పెద్ద పనికి ఆ పెట్టుబడి ఒక ఇంటికి భారం. సహకార సంఘాలు పుట్టింది ఈ అవసరం నుంచే. సరుకు కలిసి కొనడం, ఆర్డర్లు పంచుకోవడం, హస్తకళల సంస్థ వారి గోల్కొండ షోరూమ్‌ల లాంటి చోట్లకు పంపడం ఒక్కడికి కష్టం, నలుగురికి తేలిక.

తండాలో సూది, అడవిలో పట్టు

ఇదే పొత్తు పొరుగు జిల్లాల్లో వేరే రూపంలో కనిపిస్తుంది. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే, వారిలో లంబాడాలు ఎక్కువ. తండాల్లో ఆడవాళ్ల ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (మేలిముసుగు)ల మీద అద్దాలు, గవ్వలు, రంగు దారాలు కుట్టడం పెళ్లి వేళ ఒక్క ఇంటి పని కాదు. కుట్టు తెలిసిన అవ్వ పక్కన మనుమరాలు కూర్చుంటుంది, ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక ముక్క పట్టుకుంటారు.

భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం దారిలోని మహదేవ్‌పూర్ దసలి పట్టుకు పేరున్న చోటు. మల్బరీ పట్టుపురుగును ఇంట్లో తట్టల్లో పెంచుతారు. దసలి పురుగు అడవిలో మద్ది చెట్ల మీదే పెరుగుతుంది. పిట్టలు, చీమలు తినేయకుండా కావలి కాయాలి. కాయలు ఏరేవాళ్లు ఒకరు, దారం తీసేవాళ్లు ఒకరు, నేసేవాళ్లు ఇంకొకరు. ఈ ముగ్గురిలో ఒకరు తప్పుకున్నా చీర లేదు. ఇత్తడైనా, అద్దాల కుట్టైనా, దసలి పట్టైనా చేతి నైపుణ్యం చుట్టూ ఒక కూటమి ఉంటేనే అది బతుకుతుంది.

గుర్తింపు ఎవరిది?

పెంబర్తి లోహకళకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ హక్కు ఒక వ్యాపారిది కాదు, ఆ చోట ఆ పని చేసే అందరిదీ. 2014లో పంజాబ్‌లోని జండియాలా గురు ఠఠేరా కంచరుల ఇత్తడి, రాగి పాత్రల తయారీని యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడా పేరు ఒక కళాకారుడిది కాదు, ఒక వాడది. చట్టం, యునెస్కో రెండూ పట్టుకున్న విషయాన్ని మన అలవాట్లు మాత్రం పట్టుకోలేదు. అవార్డు ఒక్కరికే ఇస్తాం, శాలువా ఒక్కరికే కప్పుతాం. దాంతో జట్టులో గింజల వరుస కొట్టిన కుర్రాడికి ఈ పనిలో తన చోటేమిటో కనిపించదు. హైదరాబాద్‌లో జీతం కనిపిస్తుంది. ఒక్కొక్కరుగా అటు పోతే మిగిలిన పెద్దాయన ఎంత గొప్పవాడైనా జ్ఞాపికలు చేయగలడేమో గానీ తలుపు చేయలేడు.

ఈ చేతుల పొత్తును కాపాడడానికి పెద్ద పథకమే అక్కర్లేదు. గుడి కమిటీలు పని అప్పగించేటప్పుడు రేకు కొనడానికి సరిపడా అడ్వాన్సు ఇవ్వొచ్చు. కిలో లెక్కన బేరం ఆడకుండా పని రోజుల లెక్కన కూలి మాట్లాడొచ్చు. ముహూర్తం పెట్టకముందే పనికి ఎన్నాళ్లు పడుతుందో అడగొచ్చు. ఇంకొకటి కూడా చేయొచ్చు. మన గుళ్లలో దాతల పేర్లు పాలరాతి మీద, ఇత్తడి పలకల మీద వరుసగా ఉంటాయి. ములుగు దగ్గర 1213 నాటి గుడిని కట్టించింది రేచర్ల రుద్రుడు, జనం నోట నిలిచింది మాత్రం రామప్ప అనే శిల్పి పేరేనని ఈ ప్రాంతంలో గర్వంగా చెప్పుకుంటాం. ఆ గర్వం నిజమైతే కొత్త తలుపు బిగించిన రోజున దాతల పలక కింద ఇంకో చిన్న పలక పెట్టాలి. గీసినవాడి నుంచి గింజలు కొట్టిన పిల్లవాడి దాకా, చట్రం చేసిన వడ్లాయన నుంచి పాలిష్ పెట్టినవాడి దాకా జట్టు పేర్లన్నీ దాని మీద చెక్కించాలి. ఖర్చు ఒక్క రేకు ముక్క. చెక్కేవాళ్లు ఎలాగూ అక్కడే ఉంటారు.