రెండెకరాల పది గుంటలు

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కన దస్తావేజు లేఖరుల దుకాణంలో ఒక్క పూట కూర్చోండి. విక్రయ దస్తావేజును మొదటి నుంచీ ఎవరూ కొత్తగా రాయరు. ఒరవడి ఒకటుంటుంది. పేరు, తండ్రి పేరు, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు మారతాయి, అంతే. కార్బన్ కాగితాల రోజుల్లో ఆ చోట్ల చుక్కలు పెట్టి వదిలేవాళ్లు. ఇప్పుడు ఒరవడి వర్డ్ ఫైలైంది, చుక్కలు నింపే పని మాక్రో అనే చిన్న ప్రోగ్రాముది. వివరాలేమో ఎక్సెల్ పట్టికలో ఉంటాయి. వాటిని అక్కడి నుంచి మాక్రో చేతికి అందించడమే అసలు విద్య. అలా అందించే వివరాలనే పారామీటర్లంటారు.

ఆ విద్య అవసరం నాకు 2016 అక్టోబరు 11 తర్వాత తెలిసొచ్చింది. ఆ రోజు పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు నాలుగైంది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. నా ఒరవడిలో జిల్లా పేరు వాక్యంలోనే కలిసిపోయి ఉండేది. సూర్యాపేట పార్టీ వస్తే, ఉన్నచోటల్లా 'నల్లగొండ' తీసి 'సూర్యాపేట' పెట్టమన్నాను. తూర్పు హద్దులో ఉన్న నల్లగొండ రోడ్డు కాస్తా సూర్యాపేట రోడ్డయింది! జిల్లా పేరుకు కూడా ఒక ఖాళీ వదిలి, దాన్ని బయటి నుంచి పంపి ఉంటే ఈ తిప్పలు ఉండకపోను.

పంపడానికి దారులున్నాయి. వర్డ్ తెరిచేటప్పుడే ఫలానా మాక్రో నడపమనే స్విచ్ ఒకటుంది. అది మాక్రో పేరే తీసుకుంటుంది, వివరాలు తీసుకోదు. పెళ్లికి పిలిచి ముహూర్తం చెప్పనట్టు. ఎక్సెల్ లోంచే వర్డ్‌ను పట్టుకుని 'రన్' అని పిలిస్తే, మాక్రో పేరు వెనక ముప్పై వివరాల దాకా అందించొచ్చు. కాకపోతే వరస ముఖ్యం. వరస తప్పితే కొన్నవాడు అమ్మినవాడవుతాడు. లిబ్రె ఆఫీసులోనైతే దాన్ని తెరిచే ఆదేశంలోనే మాక్రో పేరు పక్కన బ్రాకెట్లు పెట్టి వివరాలు రాయొచ్చు.

తెలుగుతో ఇంకో చిక్కుంది. వర్డ్‌లో మాక్రో రాసే కిటికీ మన అక్షరాలను ప్రశ్న గుర్తులు చేసి పారేస్తుంది. అక్కడ 'నల్లగొండ' అనాలంటే 3112, 3122, 3149, 3122, 3095, 3146, 3074, 3105 అని ఎనిమిది సంకేతాలు పేర్చాలి. అంత అవస్థ ఎందుకు? పేరును ఎక్సెల్ గడిలోనే ఉంచి పారామీటరుగా పంపితే చెక్కుచెదరకుండా చేరుతుంది. యూనికోడ్‌లో టైపు చేసి ఉండాలి, అదొక్కటే షరతు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిందైతే అవతల ఆ ఫాంటు తొడిగేదాకా ఇంగ్లిషు అక్షరాల గజిబిజే.

అన్నిటికన్నా ప్రమాదం విస్తీర్ణంతో. ఎకరానికి నలభై గుంటలు. రెండెకరాల పది గుంటలను మనవాళ్లు 2.10 అని రాస్తారు. ఎక్సెల్‌కు అది దశాంశం, చివరి సున్నా దండగ. 2.1 చేసి పంపుతుంది. అందుకున్న మాక్రో రెండెకరాల ఒక్క గుంట అని అచ్చేస్తుంది. తొమ్మిది గుంటలు గాలికి! పోనీ 2-10 అని కొడదామంటే అక్టోబరు రెండో తేదీ, గాంధీ జయంతి అవుతుంది. 12/2 సర్వే నంబరుకూ తేదీ గతే పడుతుంది. 45/అ అయితే బతికిపోతుంది, అక్షరం ఉంది కాబట్టి.

అందుకే ఇప్పుడు ఎకరాలకో గడి, గుంటలకో గడి పెట్టాను. రెండూ రెండు పారామీటర్లుగా వెళ్తాయి. సర్వే నంబరు గడిని ముందే టెక్స్ట్ చేసి పెడతాను. గుంటలు 39 దాటితే మాక్రో అక్కడే ఆగిపోతుంది. దాటకపోతే అంకె పక్కన 'అక్షరాలా' అని మాటల్లో కూడా రాస్తుంది. వేలిముద్ర వేసే ముందు కాగితం చదివి వినిపించడం మా వృత్తిలో పాత అలవాటు. అంకెను గబగబా చదివేస్తే వినేవాళ్లు తలూపేస్తారు. 'రెండు ఎకరముల ఒక గుంట' అని మాటల్లో వినబడితే మాత్రం చదువు రాని ముసలామె కూడా చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.