వాళ్ళు ఏం చేసి బతుకుతారు?

నవల చదివేటప్పుడు నా చేతిలో పెన్సిల్ ఉంటుంది. అందమైన వాక్యాల కింద గీతలు పెట్టే అలవాటు కాలేజీ రోజులతోనే పోయింది. ఇప్పుడు డబ్బు మాట వచ్చిన చోట మాత్రమే పెడుతున్నాను. జీతం, అద్దె, బాకీ, కూలి, కట్నం, డాక్టరు ఫీజు, ఏదైనా సరే, పేజీ అంచున చిన్న గీత. పుస్తకం అయిపోయాక ఒకసారి పేజీలు తిరగేస్తే ఆ రచయిత తన మనుషుల్ని ఎంత దగ్గర నుంచి చూశారో చాలావరకు తెలిసిపోతుంది. ఆ ఇంట్లో బియ్యం ఎలా వస్తున్నాయో చెప్పని నవల ప్రేమ గురించీ త్యాగం గురించీ ఎన్ని పేజీలు రాసినా నాకు పూర్తి నమ్మకం కుదరదు. ఈ కొలబద్ద అందరికీ నచ్చాలని లేదు. నాకు మాత్రం చాలా ఏళ్ళుగా ఇదే పనికొస్తోంది.

ఈ మధ్య కొత్తగా చదివినవీ, చాలాకాలం తర్వాత మళ్ళీ తీసినవీ కలిపి ఆరు పుస్తకాల గురించి ఈ వారం నా అభిప్రాయాలు. వాటిలో నాలుగు నవలలు, రెండు జీవిత కథలు.

ముందు సన్నపురెడ్డి వెంకట రామిరెడ్డి 'కొండపొలం'. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన నవల. 2021లో క్రిష్ సినిమాగా తీశారు. సినిమా చూశాం కదా, కథ తెలిసిపోయింది కదా అని నవల జోలికి వెళ్ళనివాళ్ళు నాకు చాలామంది తగిలారు. వాళ్ళందరికీ ఒకటే మాట: సినిమాలో ఉన్న ప్రేమకథ నవలలో లేదు. నవలలో ఉన్నదంతా పని. కరువు ముంచుకొచ్చి ఊళ్ళో మేతా నీళ్ళూ అడుగంటినప్పుడు కడప ప్రాంతపు గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమలలోకి వెళ్తారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని రవి అనే కుర్రవాడు తండ్రితో కలిసి అలా అడవికి పోతాడు. నీళ్ళ జాడ వెతకడం, రాత్రిళ్ళు మంద చుట్టూ కాపలా, పెద్దపులి భయం, దొంగల భయం. ఇవన్నీ ఆ జీవితాన్ని ఎరిగిన మనిషి మాత్రమే రాయగలిగినట్టు రాశారు. గొర్రె అంటే అక్కడ జాలిపడి చూడాల్సిన మూగజీవి మాత్రమే అయితే ఈ నవల ఇంతగా నిలిచేది కాదు. గొర్రె అంటే పిల్ల పెళ్ళి, కాలేజీ ఫీజు, తీర్చాల్సిన అప్పు. ఒక గొర్రె తప్పిపోయిన రాత్రి కాపరి గుండె ఎందుకు అంత వేగంగా కొట్టుకుంటుందో పాఠకుడికి ఒక్క వివరణా అక్కర్లేకుండా అర్థమవుతుంది.

నచ్చనిదీ చెప్పాలి. అడవి ఈ కుర్రవాణ్ణి మారుస్తోందని రచయిత మాటిమాటికీ గుర్తు చేస్తారు. భయం పోయింది, ధైర్యం వచ్చింది, మాట నిలబడింది అంటూ. మనం కళ్ళారా చూస్తున్నదాన్ని మళ్ళీ పాఠంగా చెప్పడం దేనికి? అటువంటి చోట్ల నవల వ్యక్తిత్వ వికాస పుస్తకాల వైపు ఒరుగుతుంది. ఆ వాక్యాలు తీసేసినా రవి అంతే మారతాడు, నవల ఇంకా బిగువుగా ఉంటుంది.

'కొండపొలం' ముగించిన ఊపులోనే డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' మళ్ళీ చదివాను. ఇదీ చిత్తూరు, కడప వైపు మనుషుల లోకమే, ఇక్కడా జీవాల కాపరే, అడవే. పొద్దుగూకే వేళకు మొదలై మర్నాటితో ముగిసే చిన్న నవల. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది మందతో తిరిగి రాలేదు. ముసలివాడు దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. అంతే కథ. ముసలివాడికి పేరు లేదు. ఆ లోటు మనకు తెలియదు కూడా, ఎందుకంటే అతని పని అతనికి పేరుకంటే ఎక్కువ గుర్తింపు. తల్లిపంది పిల్లల్ని పెట్టింది. నక్కలు చుట్టూ కాచుకుని ఉన్నాయి. కాపాడటానికి వచ్చిన మనిషిని ఆ తల్లి దగ్గరికి రానివ్వదు. పెంచినవాడికీ పెరిగినదానికీ మధ్య ఆ రాత్రి జరిగేది చదువుతూ ఉంటే పుస్తకం పక్కన పెట్టడం సాధ్యం కాదు. ముగింపు చెప్పను. చదవనివాళ్ళ నుంచి దాన్ని లాక్కోవడం అన్యాయం.

కేశవరెడ్డి జీవితంలో ఎక్కువ భాగం నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. సమాజం దూరంగా నెట్టిన మనుషుల ఒంటినీ గాయాన్నీ రోజూ చేత్తో తాకిన వైద్యుడు ఆయన. ముసలివాడి చేతులు, కాళ్ళు, అలసట, ఆకలి గురించి అంత కచ్చితంగా రాయగలగడం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. ఆయన ఎక్కడా జాలి అడగరు. 'కొండపొలం'లో నాకు అడ్డు తగిలిన పాఠాలు ఇందులో ఒక్కటీ లేవు. మనిషి తన పనిని ఎంత తెలివిగా చేస్తాడో చూపించి ఊరుకుంటారు. రెండు నవలల్లో ఏది గొప్పదని నన్నడిగితే తడుముకోకుండా ఇదే అంటాను.

ఇక డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. 1950ల చివర 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చిన నవల. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల. 1961లో, ఇంకా ఎంతో రాయవలసిన వయసులో ఆమె పోయారు. నా పెన్సిల్ గీతలు అన్నిటికంటే ఎక్కువ పడ్డది ఈ పుస్తకం అంచుల్లోనే. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ తండ్రిని పోషించే ఇందిర మన నవలల్లో నాకు అందరికంటే ఇష్టమైన స్త్రీ. ఆమె మాట కటువు. అబద్ధం ఆడుతుంది. మనుషుల్ని వాడుకుంటుంది. మగవాళ్ళతో చనువుగా ఉంటుంది, ఊరు ఏమనుకుంటుందో లెక్క చేయదు. అయినా ఆమె మీద కోపం రాదు, ఎందుకంటే ఆమె జీతం ఎవరి కోసం ఎలా ఖర్చవుతోందో శ్రీదేవి మొదటి నుంచీ మన కళ్ళముందు పెడతారు. తన సంపాదన మీద ఆధారపడ్డ తండ్రి తన పెళ్ళి ఎందుకు తలపెట్టడో ఇందిరకు బాగా తెలుసు. అలా తెలిసిన ఆడపిల్ల మెత్తగా ఎలా మాట్లాడుతుంది? ఎవరూ తనకోసం ఏమీ చేయరని ఆమెకు అర్థమైంది కాబట్టే, తన బతుకు తానే చూసుకోవాలనే తెగువ వచ్చింది. ప్రకాశం అనే కుర్రవాడి మీద ఆమె పెట్టుకున్న ఆశలోనూ ఆ లెక్క ఉంది. ఆ లెక్క ఉన్నంత మాత్రాన ఆశ అబద్ధమైపోదు. ఈ రెండూ కలిసి ఒకే మనిషిలో ఉండొచ్చని అరవై ఏళ్ళ కిందటే అంత నిబ్బరంగా రాశారు.

ప్రకాశం పాత్ర గురించి కూడా ఒక మాట. డాక్టరీ చదువుతున్నాడు, చదువు ఖర్చు మేనమామది. అందుకే నిర్ణయం కూడా మేనమామదే. పిరికివాడని తిట్టి వదిలేయకుండా ఆ పిరికితనం ఏ డబ్బు మీద నిలబడి ఉందో చూపించడం శ్రీదేవి గొప్పతనం. నాకు అసంతృప్తి నవలలోని మరో అమ్మాయి కళ్యాణి విషయంలో. కష్టాలకు ఓర్చుకున్న మంచి పిల్లకు చివరకు మంచి డాక్టరు భర్తగా దొరుకుతాడు. ఇందిర పట్ల చూపిన నిర్దాక్షిణ్యమైన నిజాయితీ కళ్యాణి దగ్గరకు వచ్చేసరికి కాస్త సడలింది. 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' పేరుతో దీన్ని సినిమాగా తీశారు. సరదాగా సాగే సినిమా అది. ఇందిర కావాలంటే మాత్రం పుస్తకానికే రావాలి.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గురించి నేను రాయబోయేది కొందరికి కోపం తెప్పించవచ్చు. తెలుగు నవలల్లో మొదటి వరసలో నిలబెట్టే పుస్తకం. తల్లి మీద పడ్డ నింద నీడలో పెరిగిన దయానిధి మనసును అంత లోతుగా తవ్వినవాళ్ళు లేరని ఒప్పుకుంటాను. కోమలి, అమృతం అతని ఊహలో మెదిలే పేజీలు ఇప్పటికీ నన్ను ఆపేస్తాయి. కానీ ఈసారి చదివినప్పుడు అంచుల్లో గీతలు దాదాపు పడలేదు. దయానిధి డాక్టరు. అతను ఒక రోగి చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్నప్పుడు ఏమనుకుంటాడో నాకు తెలుసుకోవాలని ఉంది. నవలకు ఆ ఆసక్తి లేదు. డబ్బు అవసరమైన చోట రాయలసీమలో వజ్రం దొరుకుతుంది. ఒంటరితనం గురించి అంత నిజం చెప్పిన నవల బతుకుతెరువు దగ్గర అదృష్టానికి వదిలేసిందనిపించింది. ఇందులోనూ ఒక ఇందిర ఉంది, దయానిధి భార్య. జబ్బుతో పోతుంది. శ్రీదేవి ఇందిర పక్కన ఈ ఇందిరను నిలబెడితే, తన జీతం తాను తెచ్చుకునే స్త్రీకి కథలో ఎంత చోటు దొరుకుతుందో కనిపిస్తుంది. బుచ్చిబాబు వచనం గొప్పదన్న నా అభిప్రాయం మారలేదు. దయానిధి పూర్తి మనిషన్న అభిప్రాయం మారింది.

ఇప్పటి నవలల్లోనూ ఈ లోటు కనిపిస్తుంది. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాయకుడు ఉంటాడు, అతని పని మాత్రం ఉండదు. లాప్‌టాప్ మూసి కిటికీలోంచి చూస్తాడు, జ్ఞాపకాల్లోకి వెళ్ళిపోతాడు. రోజుకు పది గంటలు ఆ మనిషి దేనితో కుస్తీ పడుతున్నాడు, ఎవరికి భయపడుతున్నాడు, ఇంటి లోను ఎంత, ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నిలబడగలడు? ఇన్ని లక్షల తెలుగు ఇళ్ళు ఆ పని మీద బతుకుతున్న కాలంలో దాన్ని ఒడిసిపట్టిన పెద్ద నవల కోసం నేను నిజంగా ఎదురు చూస్తున్నాను.

నవలలు వదిలేసిన ఈ చోటును జీవిత కథలు నింపుతున్నాయి. వై.బి. సత్యనారాయణ ఇంగ్లీషులో 2011లో రాసిన పుస్తకాన్ని 'మా నాయన బాలయ్య' పేరుతో పి. సత్యవతి తెలుగు చేశారు. ఒక మాదిగ కుటుంబం మూడు నాలుగు తరాల కథ. రచయిత పూర్వీకుడు ఒకాయన మెత్తటి తోలుతో చెప్పులు కుట్టి ఇస్తే నిజాం మెచ్చి యాభై ఎకరాలు ఇచ్చాడు. ఊరి దొర రెండెకరాలు ఉంచి తక్కినదంతా లాక్కున్నాడు. రెండు మూడు వాక్యాల్లో అయిపోయే ఈ ఉదంతంలో తెలంగాణ పల్లె చరిత్ర ఎంత ఉందో! చేతిపనికి రాజు ఇచ్చిన విలువ, ఆ విలువను కులం ఎంత సులువుగా మింగేయగలదో, అన్నీ ఉన్నాయి. ఆ కుటుంబం తర్వాత ఊరు వదిలి రైల్వే పనిలోకి వెళ్ళింది. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం, ఉండటానికి క్వార్టరు, దొర కనపడని స్టేషను. కులం అక్కడికీ వెంట వచ్చింది, అయినా మెడ మీద పట్టు కొంచెం సడలింది. ఆ సడలిన కొంచెంలోనే బాలయ్య పిల్లల చదువుకు దారి చేశాడు. తెల్లవారకముందే కొడుకుల్ని లేపి దీపం ముందు కూర్చోబెట్టే తండ్రి పేజీలు చదివి నేను చాలాసేపు ఇంకో పేజీ తిప్పలేకపోయాను. ఆ ఇంటి పిల్లలు ప్రొఫెసర్లయ్యారు, రచయిత కెమిస్ట్రీ బోధించి కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. చివరి భాగంలో డిగ్రీలూ ఉద్యోగాలూ వరసపెట్టి చెప్పుకుంటూ పోవడం వల్ల కథనం పలచబడింది. మొదటి సగం మాత్రం ప్రతి తెలుగు ఇంట్లో ఉండాలి. సత్యవతి అనువాదం ఎక్కడా అనువాదంలా తగలదు.

ఆఖరిది కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి'. 2012లో ఈ పుస్తకం వచ్చేసరికి ఆమెకు తొంభై దాటాయి. బాల వితంతువు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నది కొండపల్లి సీతారామయ్యను. కమ్యూనిస్టు పార్టీ కోసం పాటలు పాడారు, ఒంటిమీది నగలు తీసి ఇచ్చేశారు, పిల్లల్ని తల్లికి అప్పగించి అజ్ఞాతంలోకి వెళ్ళారు. భర్త వదిలి వెళ్ళాక, ముప్పై దాటిన వయసులో, హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివి, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా చేరారు. పిల్లలిద్దరినీ పోగొట్టుకున్నారు. ఇంత బతుకును ఆమె గొంతు పెంచకుండా చెబుతారు. నాకు అన్నిటికంటే విలువైనవి హాస్టల్ పేజీలు. విప్లవ చరిత్రలు నాయకుల గురించి చాలా రాశాయి, ఉద్యమం చెయ్యి వదిలేసిన ఆడమనిషి తర్వాత నెల జీతం ఎలా తెచ్చుకుందో రాయలేదు. కోటేశ్వరమ్మ రాశారు. లోపం లేదని అనను. సంవత్సరాలు ముందుకూ వెనక్కూ కలిసిపోతాయి, పార్టీ చరిత్ర తెలియని పాఠకులు మధ్యలో దారి తప్పుతారు. కొత్త ముద్రణలో చివర ఒక కాలపట్టిక చేరిస్తే చాలా మేలు. ఆ హాస్టల్ గురించి ఆమె ఇంకో యాభై పేజీలు రాసి ఉంటే బాగుండేదని కూడా అనిపించింది. 2018లో, నూరేళ్ళ వయసులో ఆమె కన్నుమూశారు.

ఈ ఆరింటిలో ఒక్కటి మాత్రమే కొనగలిగితే 'నిర్జన వారధి' కొనండి. రెండోది కూడా కుదిరితే 'కాలాతీత వ్యక్తులు'. 'అతడు అడవిని జయించాడు' చిన్న పుస్తకం, ఒక ఆదివారం సరిపోతుంది. మగ్గం, బీడీల తయారీ, నర్సు ఉద్యోగం, లారీ డ్రైవింగ్, సాఫ్ట్‌వేర్, ఏ పనినైనా లోపలి నుంచి చూపిన తెలుగు నవల మీకు తెలిస్తే పేరు రాసి పంపండి. చదివి, నచ్చినా నచ్చకపోయినా ఇక్కడే రాస్తాను.