పాలు ఎవరు తెస్తున్నారు?

కాఫీ గురించి వాదించుకునేవాళ్లంతా పొడి దగ్గర మొదలుపెట్టి పొడి దగ్గరే ఆగుతారు. పీబెర్రీ మంచిదా, ప్లాంటేషన్ ఏ మంచిదా? చికోరి ఇరవై పాళ్లు వెయ్యాలా, ముప్పయ్యా, అసలు వెయ్యకూడదా? మర పట్టించి ఎన్నాళ్లయింది? సికింద్రాబాద్‌లో, ముఖ్యంగా మారేడుపల్లి, పద్మారావునగర్ ఇళ్లలో, ఈ తగువులు తరాల తరబడి సాగుతున్నాయి. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటుకు మద్రాసు సైన్యం వెంట తమిళ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. జంట నగరాల్లో ఇరానీ చాయ్ రాజ్యమేలుతుంటే ఇక్కడ కొన్ని వీధుల్లో పొద్దున్నే డికాషన్ వాసన రావడానికి సగం కారణం వాళ్లేనని నా నమ్మకం. మిగతా సగం, కోస్తా జిల్లాల నుంచి రైల్వేలోనూ బ్యాంకుల్లోనూ ఉద్యోగాలకు వచ్చిన మాబోటి వాళ్లం.

ఇంత తగువులోనూ పాల ఊసు ఎవరూ ఎత్తరు. మన గ్లాసులో మూడొంతులు పాలే కదా! ఇంట్లో ఉన్నంతసేపూ వాటి సంగతి గుర్తుకు రాదు. తెల్లారేసరికి గుమ్మం దగ్గర ప్యాకెట్టు ఉంటుంది, లేకపోతే వీధి చివర కొట్టు ఉంటుంది. ఊరు దాటినప్పుడే అసలు చిక్కు బయటపడుతుంది. పొడి వారం నిలవుంటుంది, నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి, పాలు మాత్రం మధ్యాహ్నానికి విరిగిపోతాయి. అందుకే కాఫీ పెట్టే పద్ధతి ఏదైనా సరే, దానికి నేను వేసే ప్రశ్న ఒకటే. దాని మీద చిక్కటి వేడి పాలు పోస్తే, కాఫీ రుచి మిగులుతుందా?

మన ఫిల్టర్‌కి ఈ పరీక్షలో తిరుగులేదు. చూడబోతే అందులో యంత్రమన్నదే లేదు. అడుగున చిల్లులున్న పై గిన్నె, పొడి మీద పెట్టే గొడుగు, డికాషన్ దిగే కింది గిన్నె, మూత. ఎస్ప్రెసో యంత్రం 9 బార్ల ఒత్తిడితో అర నిమిషంలో లాగే సారాన్ని ఇది నీళ్ల బరువొక్కటే ఆసరాగా ఇరవై నిమిషాలు తీసుకుని దింపుతుంది. కిటుకంతా పాళ్లలో ఉంది. 30 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే, పొడి తాగేది పోగా, 90 దాకా డికాషన్ వస్తుంది. ముగ్గురికి తలా 30. దాని మీద నూరేసి మిల్లీలీటర్ల పాలు. అదే కాగితం వడపోత పద్ధతిలో గ్రాము పొడికి పదిహేను, పదహారు గ్రాముల నీళ్లు. అది పాలు కలపకుండా తాగేవాళ్ల లెక్క.

చికోరిని చిన్నచూపు చూసేవాళ్లకి ఒక మాట. అది కాఫీ కాదు, నిజమే. ఒక మొక్క వేరు వేయించి చేసిన పొడి. కానీ దాని పని పాలు పోశాకే తెలుస్తుంది. నీటిని పట్టుకుని డికాషన్‌ని నెమ్మదిగా దింపుతుంది, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. ప్యాకెట్టు మీద కాఫీ–చికోరి మిశ్రమం అని ఉంటే అందులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్నది చట్టం. అంటే 49 శాతం దాకా వేరే ఉండొచ్చు! అది మరీ ఎక్కువ. ఇరవై దాటితే నాకు కాఫీ కాక కషాయం తాగినట్టుంటుంది.

ఇంకో సంగతి. సెగలు కక్కే నీళ్లు పోస్తే పొడి మాడిపోతుందని ఈమధ్య చాలామంది భయపెడుతున్నారు. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున్న మన ఊళ్లో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. చల్లటి స్టీలు గిన్నెలో పడగానే ఇంకొన్ని డిగ్రీలు దిగుతాయి. తెర్లుతున్న నీళ్లే నిశ్చింతగా పొయ్యండి. డికాషన్‌ని మళ్లీ పొయ్యి మీద పెట్టడం మాత్రం నేరం. చల్లారిపోతే ఆ గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచితే చాలు.

పాలకొస్తే, ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3. ఫిల్టర్ డికాషన్‌కి ఆరు శాతమే సరిజోడు. ఒక్క పొంగు వచ్చిన పాలు వేరు, పొద్దుటి నుంచి మూడుసార్లు కాచిన పాలు వేరు. మూడోసారి పాలతో ఎంత మంచి పొడీ ఏమీ చెయ్యలేదు. గిన్నెలోంచి గ్లాసులోకి ఎత్తి పోసేది నురగ కోసమే అనుకుంటారుగానీ, నాలుక కాలకుండా తాగగలిగే వేడికి దింపేదీ అదే.

డికాషన్‌నీ పాలనీ కప్పుదాకా విడిగా ఉంచే రహస్యం ఇరానీ హోటళ్లవాళ్లూ కనిపెట్టారు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో కప్పు చాయ్ తాగినవాళ్లకి తెలుస్తుంది. తేయాకు డికాషన్ మూత బిగించిన పాత్రలో దమ్ మీద ఉంటుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడుతుంటాయి, రెండూ కలిసేది కప్పులోనే. మామూలు వీధి టీ బండిలో అన్నీ ఒకే గిన్నెలో కుతకుతలాడతాయి. పద్ధతి చూస్తే ఇరానీ చాయ్‌కి దగ్గరి చుట్టం ఆ బండి మీది టీ కాదు, మన ఫిల్టర్ కాఫీ. చాయ్ పక్షం, కాఫీ పక్షం అని ఊరిని రెండు ముక్కలు చేసేవాళ్లు ఈ వరస గమనించినట్టు లేదు.

మా చెల్లెలి కొడుకు ఆస్టిన్‌లో ఉంటాడు. వచ్చినప్పుడల్లా పెట్టెలో ఏదో ఒక కాఫీ సరంజామా తెస్తాడు. వాటన్నిటికీ మా వంటింట్లో పాల పరీక్ష జరిగింది. కాగితం వడపోత జర్మనీలో డ్రెస్డెన్ ఊరి ఇల్లాలు మెలిట్టా బెంజ్ 1908లో తెచ్చిన పద్ధతి. కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితంతో మొదలుపెట్టిందట. ఒక ఇల్లాలి పని కనుక నాకు గౌరవమే. కానీ కాగితం కాఫీలోని నూనెను పీల్చేస్తుంది. వచ్చేది తేటగా, తేలిగ్గా ఉంటుంది. అందులో గేదె పాలు పోస్తే గోధుమ రంగు పాలే మిగిలాయి. ఫ్రెంచ్ ప్రెస్‌లో నూనె ఉంటుందిగానీ పలుచన పోదు. పొడి పెంచి నీళ్లు తగ్గిద్దామంటే జల్లెడ నొక్కడానికి మోచేతి బలం కావాలి, అడుగున మడ్డి.

ఏరోప్రెస్ కొంచెం ఆశ్చర్యపరిచింది. ఎగిరే రింగు బొమ్మలు చేసే అలన్ అడ్లర్ 2005లో అమ్మకానికి తెచ్చిన ప్లాస్టిక్ గొట్టమది. చూడ్డానికి పశువులకు మందు ఎక్కించే సిరంజిలా ఉంటుంది. నీళ్లు బాగా తగ్గించి నొక్కితే చిక్కటి సారమే వచ్చింది, పాలకు తట్టుకుంది. కాకపోతే ఒక్కసారికి ఒక్కరికే. ఆరుగురున్న ఇంట్లో ఆఖరివాడికి కాఫీ అందేసరికి మొదటివాడు స్నానం చేసి వస్తాడు.

అన్నిట్లోకీ నెగ్గింది మోకా పాట్. ఇటలీలో అల్ఫోన్సో బియలెట్టి 1933లో తెచ్చిన అష్టకోణపు అల్యూమినియం కూజా. కింద నీళ్లు, నడుమ పొడి, ఆవిరి ఒత్తిడికి నీళ్లు పైకి తన్నుకొస్తాయి. ఫిల్టర్‌లో నీళ్లు కిందికి దిగితే ఇందులో ఎక్కుతాయి, అంతే తేడా. చిక్కదనంలో మన డికాషన్‌కి దగ్గర. దీంట్లో చికోరి లేని పొడే వెయ్యాలి, చికోరి బంకలా పట్టి జల్లెడను మూసేస్తుంది. అల్యూమినియంది ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. చిన్న గ్యాసు పొయ్యి మీద మాత్రం ఎక్కడైనా పనిచేస్తుంది. బయట వాడటానికి ఇంతకన్నా మంచి పరికరం నాకు కనబడలేదు.

కానీ బయట అంటే ఏమిటి? మావాడి దృష్టిలో బయట అంటే వీపున సంచీ, కొండ, గుడారం. మనకు బయట అంటే మొదట రైలు, తర్వాత కార్తీక వనభోజనాలు.

రైల్లో పొయ్యి వెలిగించకూడదు. ఫోన్ చార్జింగ్ సాకెట్‌లో కరెంటు కెటిల్ పెట్టడం కూడా నిషిద్ధమే, అయినా పెట్టేవాళ్లున్నారు. మా అత్తగారి తరం ఈ చిక్కును ఏ పరికరమూ లేకుండా విప్పింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం వెళ్లే ముందు సాయంత్రం చిక్కటి డికాషన్ దింపి హార్లిక్స్ సీసాలో పోసి బిగించేవారు. కాఫీ కలిపి ఫ్లాస్కులో పోసేవాళ్లను చూస్తే ఆవిడకు జాలి. కలిపిన కాఫీ వేడిలో రాత్రంతా మగ్గితే కమురు వాసన వస్తుంది, డికాషన్ విడిగా ఉంటే తెల్లారినా చెక్కుచెదరదు. తెల్లవారుజామున అనకాపల్లి ప్రాంతంలో ప్లాట్‌ఫారం మీద వేడి పాలు కొని అందులో కలిపేవారు. పొడి మనది, పాలు ఆ ఊరివి. నా లెక్కలో బయట కాఫీ సూత్రమంతా ఆ సీసాలో ఉంది.

వనభోజనాలకు సికింద్రాబాద్ వాళ్లు కీసర వైపు తోటలకో, శామీర్‌పేట చెరువు వైపో వెళ్తారు. అక్కడ వంట మాస్టరు పెట్టే బట్ట కాఫీ ఇంట్లో ఎవరికీ రాదు. గుండిగలో నీళ్లు తెర్లించి, మంట ఆపి, పొడి ఒక్కసారే గుమ్మరించి, గరిటెతో ఒక్క తిప్పు తిప్పి మూత పెడతాడు. అయిదారు నిమిషాలాగి తడిపిన పల్చటి నూలుబట్ట మీంచి వడగడతాడు. బట్ట కొత్తదైతే గంజి పోయేలా ముందే ఉడికించాలి, సబ్బు మాత్రం తగలకూడదు. వడిసిపోయాక మూటను పిండబోతే కేకలేస్తాడు. “పిండకండమ్మా, చేదంతా దిగుద్ది!” యాభైమందికి అరకిలో పొడి, మూడు లీటర్ల నీళ్లు, అయిదు లీటర్ల పాలు అని ఆయన లెక్క. తలా పది గ్రాములు. లెక్కగట్టి చూడండి, దాదాపు మన ఇంటి ఫిల్టర్ పాళ్లే.

ఆయన జాగ్రత్తంతా పాల గుండిగ దగ్గరే. పెద్ద బర్నరు మీద అయిదు లీటర్ల పాలు ఇట్టే అడుగంటుతాయి. అందుకని గిన్నెను నీళ్లతో తడిపి ఆ తడి మీదే పాలు పోస్తాడు. కట్టెల పొయ్యి అయితే మూత తియ్యనివ్వడు, పాలు పొగను ఇట్టే పట్టేస్తాయి. ఇంటి నుంచి తెచ్చిన ప్యాకెట్లు వచ్చీరాగానే కాచేస్తాడు. డికాషన్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

పాలు బొత్తిగా దొరకని చోటుకు మార్గాలు లేకపోలేదు. తెరవని టెట్రా ప్యాక్ పాలు నెలల తరబడి ఉంటాయిగానీ ఉడికిన వాసన ఒకటి వదలదు. పాలపొడిని ముందు గోరువెచ్చని నీళ్లతో ముద్దలా కలుపుకుంటే ఉండలు కట్టదు. వియత్నాంవాళ్లు డబ్బా గట్టి పాలలోకి నేరుగా డికాషన్ దింపుతారు. వాళ్ల ఫిన్ అనే చిన్న ఫిల్టర్ మన ఫిల్టర్‌కి తోబుట్టువు, తాజా పాలు కరువైన దేశంలో పెరిగింది. ఇక ఇన్‌స్టంట్. దాన్ని ఈసడించడం మా ఇళ్లలో మర్యాద కింద లెక్క. కానీ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారై దేశదేశాలకు వెళ్తున్న సరుకది. నీళ్ల చుక్క అక్కర్లేకుండా నేరుగా వేడి పాలలో కరిగేది అదొక్కటే. రైల్లో, ఆస్పత్రి వరండాలో దానికి సాటి లేదు. రుచి సంగతి అడక్కండి.

ఇంత చెప్పాక అరకు పేరెత్తకపోతే అన్యాయం. తొమ్మిదివందల మీటర్లు దాటిన ఎత్తున, సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరబికా. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో కొట్టు తెరుచుకుంది. తక్కువ వేయించిన ఆ గింజలో ఉన్న పండు పులుపు పాలు పోస్తే మాయమైపోతుంది. దాన్ని చికోరి కలిపి ఫిల్టర్‌లో వెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మా చెల్లెలి కొడుకు కాగితం, గరాటు ఎందుకున్నాయో నాకు అర్థమైంది ఆ పొడితోనే. పాలు లేకుండా, చక్కెర లేకుండా, తేటగా.

ఈ కార్తీకంలో వాడు ఇక్కడే ఉంటాడు. కీసరకు గరాటు, కాగితాలు, కొలత త్రాసు, హంసమెడ కెటిల్ అన్నీ తెస్తానంటున్నాడు. “పెద్దమ్మా, అందరికీ నేనే పెడతా” అని ఫోన్లో మాటిచ్చాడు. యాభైమందికిరా నాయనా అన్నాను. కాసేపు లెక్క వేసుకున్నట్టున్నాడు, మాట్లాడలేదు. సరే, తెచ్చుకోమన్నాను. చక్కెర జబ్బొచ్చి పాలూ పంచదారా మానేసిన మా బావగారు ఒకరున్నారు, ఆయనకీ తనకీ పెట్టుకుంటాడు. మాస్టరుకి అయిదు లీటర్లకి బదులు నాలుగున్నర చాలని చెప్పబోయి ఊరుకున్నాను. రెండో కప్పు అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.