ఖాళీ కోట, బయట తల్లి

ఆటిజం ఉన్న పిల్లల తల్లులు రాసినవాటిని మనం సాహిత్యంగా చదవం. అయ్యో పాపం అనుకుని ఆరోగ్యం పేజీకి వదిలేస్తాం. అసలు వాటిని ఎందుకు రాయాల్సి వచ్చిందో చూడండి.

1967లో అమెరికాలో రెండు పుస్తకాలు వచ్చాయి. బ్రూనో బెటల్‌హైమ్ తన పుస్తకానికి ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’, అంటే ఖాళీ కోట అని పేరు పెట్టాడు. క్లారా క్లెయిబోర్న్ పార్క్ అనే తల్లి తన పుస్తకానికి ‘ది సీజ్’, ముట్టడి అని పెట్టింది. బిడ్డ కోటలోకి పోవడానికి తల్లి మనసులోని తిరస్కారమే కారణమంటాడాయన. ఆ కోట బయట ఏళ్ల తరబడి కూర్చుని, బిడ్డ చేసే ప్రతి చిన్న పనినీ రాసిపెట్టుకుందామె. 1943లో 11 మంది పిల్లల మీద వ్యాసం రాసి, తల్లిదండ్రుల్లో ఆప్యాయత కొరవడిందన్న లియో కానర్ 1969లో తల్లిదండ్రుల సభకొచ్చి మీరు నిర్దోషులన్నాడు. నేరం మోపిందీ వాళ్లే, విడుదల చేసిందీ వాళ్లే!

అమెరికా గొడవ మనకెందుకంటారా? బెటల్‌హైమ్ పేరు వినని ఇళ్లలో కూడా మా విశాఖలో తీర్పు అదే. “గుంటడికి ఇంకా మాటలు రానేదేటి? నువ్వేటి చేస్తన్నావు?” అడిగేది అత్తగారు కావచ్చు, అడిగిస్తున్నది పితృస్వామ్యం.

గాజువాకలో ఒక స్నేహితురాలి ఇంట్లో నెలకోసారి ఐదారుగురు తల్లులు కూర్చుంటారు. సాహిత్యం పాఠాలు చెప్పుకునే నేను వినడానికి వెళ్తాను. కుక్కర్ కూతకి కొడుకు చెవులు మూసుకుని ఏడుస్తాడని ఒకామె గంజి వార్చే వంటకి మారింది. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చి భర్త పగలు పడుకుంటే, పిల్లాడి కూనిరాగం ఆయన చెవిన పడకుండా ఎండలో వీధులు తిప్పుతుంది ఇంకొకామె. అది చెప్పి పగలబడి నవ్వుతుంది. మిగతావాళ్లూ నవ్వుతారు. ఇది ఏ డాక్టరూ రాసివ్వని జ్ఞానం. శుభాంగి వైద్య 2016లో ఢిల్లీ కుటుంబాల మీద పుస్తకం రాసింది సమాజశాస్త్రవేత్తగానే కాదు, తల్లిగా కూడా. 1995 వికలాంగుల చట్టంలో లేని ఆటిజం 1999 నేషనల్ ట్రస్టు చట్టంలోకి, 2016 హక్కుల చట్టంలోకి వచ్చింది. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలైందీ తల్లిదండ్రుల చొరవతోనే.

అయినా నాకో పేచీ ఉంది. నవ్వులు అయ్యాక ఎవరు ఎక్కువ త్యాగం చేశారన్న లెక్క మొదలవుతుంది. ఉద్యోగం మానేసిన తల్లి దేవత! పాత నేరారోపణకే పూలదండ వేసినట్టుంది నాకిది. వీధులు తిప్పాల్సింది ఆమే ఎందుకని ఎవరూ అడగరు. (తండ్రులు ఆ గదిలోకి రాలేదు, వాళ్లని దించడానికి గేటు దాకా వచ్చారు.)

ఇంకోటి, ఈ కథ ఎవరిది? పార్క్ 1967లో కూతుర్ని ఎల్లీ అని దాచింది. 2001లో రెండో పుస్తకం వచ్చేసరికి జెస్సీ అని అసలు పేరే రాసింది. అప్పటికి జెస్సీ చిత్రకారిణి. మా కోసం ఏడవకండని ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులకి 1993లోనే చెప్పారు.

మొన్నొకసారి ఒకామె కూతురి నెలసరి గురించి మొదలుపెట్టింది. పక్కనే పూసలు గుచ్చుకుంటున్న ఆ పిల్ల లేచొచ్చి తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మాట ఆగిపోయింది. ఆ పిల్లని ముందుగా ఎలా అడగాలన్నదాని మీదే మిగతా గంటంతా గడిచింది.