హాగరు పెట్టిన పేరు

దేవుని నామాన్ని వ్యర్థంగా పలకకూడదని పది ఆజ్ఞల్లో ఒకటి చెబుతుంది. యూదులైతే ఆ పేరును పైకి పలకనే పలకరు. అంత భయభక్తుల గ్రంథంలో దేవునికి మొట్టమొదట పేరు పెట్టిన మనిషి ఎవరు? హాగరు. ఐగుప్తు దాసి, గర్భవతి, యజమానురాలి బాధ పడలేక అరణ్యానికి పారిపోయినది. ఆదికాండం 16లో ఆమె పెట్టిన పేరు 'ఎల్ రోయి', అంటే చూసే దేవుడు. ఆ పేరు భక్తికి మిగిలింది, పెట్టినామె మిగల్లేదు. అబ్రాము, శారయి ఆమెను ఒక్కసారీ పేరుతో పిలవరు. వాళ్ల నోట ఆమె 'దాసి', అంతే. దూత పేరుతోనే పిలిచాడు గానీ 'శారయి దాసి' అని తగిలించాడు. ఫిలిస్ ట్రిబుల్ 1984లో 'టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్'లో ఈ కథను హాగరు వైపు నుంచి చదివారు. మన ప్రసంగాల్లో మాత్రం చూసే దేవుడంటే ఓదార్పే. చూసిన తర్వాత ఆ దేవుని దూత ఏమన్నాడు? వెనక్కి వెళ్లి, ఆమె చేతి కింద అణిగి ఉండమన్నాడు.